పూజకెందుకు చీటీ అన్నాను

ఈమధ్య మా వీధిలో ఇంటింటికీ వంటగ్యాస్ గొట్టాలు వేసి వెళ్ళారు. వారం తిరక్కుండానే మంచినీళ్ళ కుళాయి వాళ్ళు వచ్చి, ఆ గొట్టం పక్కనే గునపం దింపడం మొదలుపెట్టారు. నేను బనీనుతోనే బయటికి పరుగెత్తి, ఆపండర్రా అని అరిచాను. "ఏటయిపోనాదని తాతా? సిన్న గొయ్యే కదా!" అన్నాడు వాళ్ళ పెద్ద. నా కోసం కాకపోయినా నా వయసు కోసం కాసేపు ఆపారు. మా కోడలు మాత్రం, వీధిలో పరువు తీస్తున్నానని ఆ పూట నాతో మాట్లాడలేదు.

చిన్న గొయ్యే కదా అన్న మాట వింటే నాకు ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. ఆ మాట ఒకప్పుడు నేనే అన్నాను. తవ్వకాల పనుల్లో ఉన్న పిల్లలు ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను. నీతులు చెప్పాలని కాదు. చెప్పే అర్హత నాకు లేదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

అరవైల చివర్లో సంగతి. విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు పోయే రోడ్డులో ఇటుకల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఇళ్ళు కట్టే ఇటుకలు కావు, పెద్ద కొలిముల లోపల పరిచేవి, ఎంత వేడినైనా తట్టుకునేవి. అది ఇప్పుడు లేదు, పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. అందులో నాది గ్యాస్ హౌస్‌లో ఉద్యోగం. బొగ్గును పూర్తిగా మండనివ్వకుండా, ఆవిరి పట్టిస్తూ సగం సగం కాలిస్తే గ్యాస్ వస్తుంది. దాన్ని భూమిలో పాతిన ఇనప గొట్టం ద్వారా బట్టీలకు పంపేవాళ్ళం. గొట్టం పైనుంచే బొగ్గు లారీలు తిరిగేవి, గడ్డి మొలిచేది, మేకలు మేసేవి. కింద ఏముందో తెలియని వాళ్ళు అక్కడే కూర్చుని చద్దన్నం తినేవాళ్ళు.

ఆ గ్యాస్ మనిషిని చంపే తీరు వేరు. దగ్గు రాదు, మంట పుట్టదు, నొప్పి ఉండదు. గొట్టం దగ్గర నాలుగైదు ఊపిర్లు గట్టిగా పీలిస్తే కాళ్ళలో బలం పోతుంది, కూలబడతాడు, అంతే. తారు వాసన ఉంటుంది నిజమే. కానీ ఆవరణంతా పొద్దస్తమానం తారు వాసనే కాబట్టి ఎవరి ముక్కూ దాన్ని పట్టించుకోదు.

మా ఫోర్మన్ గారు నశ్యం పీల్చే మనిషి. నేను చేరిన రోజునే నన్ను గొట్టం దగ్గరికి తీసుకెళ్ళి తన పాత ఫ్యాక్టరీ కథ చెప్పారు. "ఒకడు గోతిలో పడ్డాడు. వాణ్ణి తియ్యడానికి వాడి తమ్ముడు దిగాడు. వాడూ పడ్డాడు. మూడోవాణ్ణి నేను. దిగబోతుంటే వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకు లాగారు. చొక్కా చిరిగిపోయింది. ఆ చిరిగిన చొక్కా మా ఇంట్లో ఇంకా ఉంది" అన్నారు. అది విన్నాక నాకు వారం రోజులు సరిగా నిద్ర పట్టలేదు. ఎవరు పడ్డా వెంటనే దిగకూడదన్న ఒక్క మాట మాత్రం నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగిపోయింది.

ఆ ఆవరణలో ఎక్కడ తవ్వాలన్నా నేను చీటీ రాసివ్వాలి. రాసే ముందు గొట్టాల పటం చూడాలి, ఆ చోటికి స్వయంగా వెళ్ళాలి, ముందు పారతో మెల్లగా చిన్న గొయ్యి తీయించి గొట్టం ఎక్కడుందో కళ్ళతో చూడాలి. గొట్టానికి బారెడు దూరం లోపల గునపం వాడకూడదు. ఇవన్నీ ఫోర్మన్ గారు పెట్టిన పద్ధతులు. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. చెవి మీద పెన్సిలు, చంకలో చీటీల పుస్తకం. అందరూ నన్ను చీటీ బాబు అనేవాళ్ళు, నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఆ ఏడు మూడో బట్టీ కట్టాలని మట్టిపని వాళ్ళని రప్పించారు. ఆమదాలవలస అవతల ఏదో పల్లె వాళ్ళు, పాసింజరులో పారలు, తట్టలు వేసుకుని దిగారు. వాళ్ళ మేస్త్రికి నా ఈడే ఉంటుంది. గునపాన్ని కళ్ళకద్దుకోకుండా మొదటి పోటు వేసేవాడు కాదు. మట్టిని పిడికిట్లోకి తీసుకుని నలిపి, కింద రాయుందో నీరుందో చెప్పేవాడు. అతని భార్య తట్టలు మోసే ఆడవాళ్ళందరికీ పెద్ద. మొగుడి కంటే నోరు గట్టిది, మొగుడు కూడా ఆమె మాట వినేవాడు.

మేస్త్రికి చదువు రాదు. అయినా రోజూ పొద్దున్నే నా కిటికీ దగ్గరికి వచ్చి చీటీ తీసుకునేవాడు. అటూ ఇటూ తిప్పి చూసి, తలపాగాలో దోపుకుని వెళ్ళేవాడు. "ఏం చూశావయ్యా అందులో?" అని ఒకసారి వేళాకోళం చేశాను. "నీ ఏలుముద్దర్లాటిదేటో ఉన్నాది కదా బాబూ, అది సూసినాను" అన్నాడు. నా సంతకం గురించి అంత మర్యాదగా అంతకు ముందు గాని ఆ తర్వాత గాని ఎవరూ మాట్లాడలేదు.

కొత్త బట్టీ స్థలం కొంచెం మెరకగా ఉండేది. పునాదికి ముందు చదును చేయాలని రెండడుగుల మట్టి తీయించాం. దానికి చీటీ రాసింది నేనే. ఆ స్థలం ఈశాన్యం మూల నుంచే పెద్ద గొట్టం పోతుంది. నాలుగడుగుల లోతున ఉందని పటంలో రాసుంది, రెండడుగులు తీస్తే ఇంకా రెండడుగులు మిగులుతుంది, ఫర్వాలేదని లెక్క వేసుకుని చీటీ ఇచ్చాను. చదును చేశారు. నా మనసులో మాత్రం ఎందుకో ఆ గొట్టం మళ్ళీ నాలుగడుగుల లోతుకే వెళ్ళిపోయింది. రోజూ ఆ పటం చూసే అలవాటు. పటంలో నాలుగు అంకె నాలుగు లాగే ఉంది మరి.

శంకుస్థాపనకు ఫాల్గుణంలో ముహూర్తం పెట్టించారు మేనేజరు గారు. మంచి మనిషే. కానీ ముహూర్తం విషయంలో నిమిషం అటూ ఇటూ అయితే సహించరు. ఆ పొద్దున గ్యాస్ హౌస్‌లో ఒక వాల్వు బిగుసుకుపోయి మేం తంటాలు పడుతున్నాం. మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. వెనకాల భార్య పూల బుట్టతో నిలబడింది.

"బాబూ, సీటీ ఇయ్యి. ఈశాన్నం మూల గొయ్యి తియ్యాల."

"దేనికి?"

"పూజకి. ముగూర్తం దగ్గరకొచ్చీసినాది."

చీటీ రాయాలంటే నేను అక్కడికి వెళ్ళాలి. పారతో తీయించి చూడాలి. వాల్వు వదిలి వెళ్ళడం కుదరదు, ముహూర్తం దాటితే మేనేజరు గారు ఊరుకోరు. "పూజకెందుకు మేస్త్రీ చీటీ? చిన్న గొయ్యే కదా, మూరెడు. తవ్వెయ్" అన్నాను.

అతను కదల్లేదు. "సీటీ నేకుండానా బాబూ?"

"దేవుడి పనికి చీటీ ఇవ్వడానికి నేనెవణ్ణయ్యా? వెళ్ళు వెళ్ళు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఖాళీ తలపాగాతో అతను నడిచి వెళ్తుంటే ఏదో తేడాగా ఉందనిపించింది. అనిపించి, వాల్వు దగ్గరికి వెళ్ళిపోయాను.

పిల్లలూ, ఇందులో దొంగతనం లేదు, తాగుడు లేదు, నిర్లక్ష్యమని ఎవరూ అనుకునేంత నిర్లక్ష్యం కూడా లేదు. పూజను మేమెవరమూ తవ్వకం అనుకోలేదు. అంతే జరిగింది. పునాది తవ్వడం పని. పూజకు తవ్వడం పూజ. నా పద్ధతులన్నీ పనికి మాత్రమే.

నాకు తెలియనిది ఇంకొకటుంది. మేనేజరు గారు శంకుస్థాపనకని ప్రత్యేకంగా చెక్కించిన రాయి తెప్పించారు. దాన్ని నిలువుగా పాతి, కింద నవధాన్యాలు పోసి, పైన మట్టి కప్పాలట. మూరెడు గోతిలో అది పట్టలేదు. ఇంకా తియ్యి, ఇంకా తియ్యి అన్నారు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని, గునపంతో గట్టిగా పొడుస్తూ తీశాడు.

మా గోడకు గాజు గొట్టం ఒకటి ఉండేది. అందులో నీటి మట్టం చూస్తే గ్యాస్ ఎంత ఒత్తిడిలో పోతోందో తెలుస్తుంది. వాల్వు వదులైందని చేతులు తుడుచుకుంటూ అటు చూశాను. నీరు రెండు వేళ్ళ మేర కిందికి జారింది. బట్టీ వాళ్ళు ఎక్కువ వాడుతున్నారేమో అనుకున్నాను. నేను చూస్తూ ఉండగానే ఇంకో వేలు జారింది.

అప్పుడు కళ్ళ ముందుకు వచ్చింది. చదును చేసిన నేల. ఈశాన్యం మూల. రెండడుగులు. నాలుగు కాదు, రెండు.

"గొట్టం పగిలింది" అన్నాను. ఫోర్మన్ గారికి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. గ్యాస్‌ను ఒక్కసారిగా కట్టెయ్యకూడదు. కడితే పగిలిన చోటు నుంచి గాలి లోపలికి పోయి, గ్యాస్‌తో కలిసి, అవతల బట్టీ మంట అందుకుంటే గొట్టం గొట్టమంతా పేలుతుంది. ముందు ఆవిరి పంపాలి, తర్వాత నెమ్మదిగా కట్టాలి. దానికి పావుగంట పడుతుంది. "ఇక్కడ నేను చూస్తాను. అక్కడ దీపం ఉంటుందిరా, హారతి ఉంటుంది! పరుగెత్తు!" అన్నారాయన.

పరుగెత్తాను. ఎంత పరుగెత్తినా ఆ ఆవరణ తరగలేదు. దూరంగా మనుషులు గుమిగూడి ఉన్నారు, మంత్రాలు వినిపిస్తున్నాయి. ముగ్గు మీద రెండు కుందులు వెలుగుతున్నాయి. మేనేజరు గారి భార్య చేతిలో హారతి పళ్ళెం, కర్పూరం అప్పుడే అంటించారు. గోతికి ఆమె నాలుగడుగుల దూరంలో ఉన్నారు. గాలి ఇంకా పక్కకే వీస్తోంది, కాస్త తిరిగితే గోతిలో గ్యాస్ ఆ మంట మీదికే వస్తుంది.

"దీపాలు ఆర్పండి! ఆర్పండి!" అని అరిచాను.

ఒక్కరూ కదల్లేదు. పూజ దగ్గర దీపం ఆర్పమనడమా? మన ఇళ్ళలో దీపం ఆరిపోయినా కొండెక్కిందంటాం గాని ఆరిందనం. పంతులు గారు మంత్రం ఆపి, "అపచారం! అదేం మాట?" అన్నారు. మేనేజరు గారి ముఖం జేవురించింది. నేను ఆగలేదు. రెండు చేతులా మట్టి ఎత్తి కుందుల మీద పోశాను. ఆ ఇల్లాలి చేతిలో పళ్ళెం లాక్కుని నేలకేసి బోర్లించి, మోకాళ్ళ కింద నొక్కేశాను. అందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

అప్పటిదాకా గోతి వైపు ఎవరూ చూడలేదు. మేస్త్రి వంగి మట్టి తీస్తున్నాడనుకున్నారు. అతను వంగి లేడు. నడుం దాకా గోతిలోకి బోర్లా పడి ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయట. గునపం దేనిలోకో మెత్తగా దిగిందేమిటా అని తల వంచి చూసుంటాడు. తుప్పు పట్టిన గొట్టంలోంచి గ్యాస్ తిన్నగా ముఖం మీదికి కొడుతోంది. సన్నగా బుస్సుమనే చప్పుడు, అంతే.

"ఓలమ్మో, నా మొగుడు!" అని అతని భార్య దూకబోయింది. నేను ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి ఈడ్చాను. ఆమె నా చెంప మీద కొట్టింది. "వొగ్గీరా! సచ్చిపోతన్నాడు, వొగ్గీ!"

"నువ్వూ చస్తావు!" అన్నాను. నా మాట నాకే ఏడుపులా వినిపించింది. "విను. ఊపిరి తియ్యకు. నేను తియ్యమనేదాకా తియ్యకు. ఆ కాలు నువ్వు పట్టు, ఈ కాలు నేను. ఒక్క లాగుడు."

ఆమె ఒక్కసారి నా ముఖంలోకి చూసి, నోరు గట్టిగా మూసుకుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి వెళ్ళాం. లాగాం. రాలేదు. అతని తలపాగా దేనికో పట్టుకుంది. నా గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఛాతీ పగిలిపోతోంది, ఒక్క ఊపిరి తీస్తే ఏమవుతుందిలే అని ఒంటిలో ప్రతి నరమూ నాకు చెబుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని గాలి వచ్చే వైపుకు లాక్కుపోయాను. రొప్పుతూ నాలుగు ఊపిర్లు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. నాకు భయం వేసింది అని రాస్తే సరిపోదు. వెళ్ళకుండా ఉండడానికి సాకు దొరుకుతుందా అని ఆ రెండు క్షణాల్లోనూ వెతికాను. ఆమె వెళ్తోంది కాబట్టి వెళ్ళాను.

రెండోసారి తలపాగా ఊడిపోయి మనిషి వచ్చాడు. ఇరవై గజాలు ఈడ్చుకుపోయి తిప్పి చూశాం. ముఖం ఎర్రగా, నిగనిగలాడుతూ, హాయిగా నిద్రపోతున్నట్టు ఉంది. ఆ ఎరుపే ఆ గ్యాస్ గుర్తు. బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కడం మొదలుపెట్టాను. ఆమె అతని అరికాళ్ళు రుద్దుతూ, "లెగు మావా, లెగు, ఊరెల్లిపోదుము, ఈ పని మనకొద్దు" అంటూ ఉంది. ఎంతసేపు నొక్కానో తెలియదు. ఒకచోట అతని వీపు దానంతటదే కదిలింది.

లారీలో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు రోజులు కళ్ళు తెరవలేదు. మూడో రోజు తెరిచాడు గాని చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఆ వణుకు ఇక పోలేదు. ఆ వారంలో జరిగింది ఏదీ అతనికి గుర్తు లేదు. పూజ గుర్తు లేదు, గొయ్యి గుర్తు లేదు. నా కిటికీ దగ్గరికి రావడమూ గుర్తు లేదు.

పెద్దాఫీసు నుంచి ఇద్దరు విచారణకు వచ్చారు.

"తవ్వడానికి చీటీ ఇచ్చావా?"

"లేదండి."

"అతను అడిగాడా?"

మా ఆవిడకు అప్పుడు ఏడో నెల. ఉద్యోగం పోతే తిరిగి మా నాన్న పొలానికి వెళ్ళాలి. ఇవి సాకులని అప్పుడూ తెలుసు. "గుర్తు లేదండి" అన్నాను.

నిజంగా గుర్తు లేనివాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. మేస్త్రి అనుమతి చీటీ లేకుండా తవ్వినందువల్ల ప్రమాదం జరిగిందని రాసి, నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను. అతని భార్యను ఎవరూ ఏమీ అడగలేదు. తట్టలు మోసే ఆడమనిషిని విచారణకు పిలవాలని ఎవరికి తోస్తుంది? గది బయట ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. నేను తల వంచుకుని దాటిపోయాను. బయట ఫోర్మన్ గారు నశ్యం డబ్బీ తీసి, మూత తెరవకుండా చాలాసేపు చేతిలో తిప్పారు. "బతికించావు. అదీ నిజమే" అన్నారు. మొదటి నిజం ఏదో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మరో ముహూర్తానికి పూజ మళ్ళీ చేశారు. ఈసారి నేను చీటీ రాశాను. పని: పూజ. లోతు: జానెడు. గునపం వాడరాదు. ఆ చీటీ చూసి కొందరు నవ్వారు. ఆ జానెడూ నేను వేళ్ళతో తవ్వాను.

గునపం పట్టలేని మేస్త్రికి, జాలిపడి, గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇచ్చారు మేనేజరు గారు. నేను నిజం చెప్పి ఉంటే అది జాలి అయ్యేది కాదు, అతనికి రావలసినది అయ్యేది. రోజూ ఆ గేటులోంచే నేను లోపలికి వెళ్ళాలి. ఏడాదికి రెండు మూడుసార్లైనా అతను అడిగేవాడు.

"బాబూ, ఆ దినం నన్ను తవ్వమన్నదెవులు?"

"పాత సంగతులెందుకు మేస్త్రీ" అనేవాణ్ణి. ఒకసారి "మేనేజరు గారేమో" అని కూడా అన్నాను. అతను తల ఊపి, గేటు తీసేవాడు. గడియ తీసేటప్పుడు ఆ వేళ్ళు వణికి ఇనుము మీద టకటకా చప్పుడయ్యేది. గొట్టాల దగ్గర భయం కొంత తగ్గింది గాని, ఆ గేటు చప్పుడంటే నాకు ఎనిమిదేళ్ళు భయమే.

ఎనిమిదేళ్ళ తర్వాత బట్టీలను గ్యాస్‌కు బదులు నూనెతో మండించడం మొదలుపెట్టి గ్యాస్ హౌస్ మూసేశారు. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు సాయంత్రం వాల్వులు బిగించే నా సొంత పానాలు సంచిలో వేసుకుని గేటు దగ్గరికి వచ్చాను. అతను అడగలేదు. నేనే ఆగాను.

"మేస్త్రీ, ఆ రోజు నిన్ను తవ్వమన్నది నేను. నువ్వు చీటీ అడిగావు. పూజకెందుకు చీటీ అన్నాను. విచారణలో అబద్ధం చెప్పాను."

అతను బల్ల మీంచి లేవలేదు. "తెలుసు బాబూ" అన్నాడు. "నా ఆడది ఆసుపత్రిలోనే సెప్పీసింది. నాకు గుర్తు నేదు గానీ, దానికి ఉన్నాది కదా."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకడిగావు?"

"నువ్వెప్పుడు సెప్తావో అని."

క్షమించానని అతను అనలేదు, నేను అడగనూ లేదు. అతను మెల్లగా లేచి నా సంచి వైపు చూశాడు.

"అందులో ఏటున్నాయి?"

"నా పానాలు."

"సీటీ ఉన్నాదా?"

సామాను గేటు దాటించడానికి ఆఫీసులో రాయించుకున్న చీటీ జేబులోంచి తీసి ఇచ్చాను. వణికే వేళ్ళతో దాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. తలపాగాలో దోపుకున్నాడు. తర్వాత గేటు తీశాడు.